పడమట ఇల్లు

అత్తగారి మీద పద్మావతికి ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది, ఆవిడకు దేవుడికి మొక్కడం చేతకాదన్నది. నలుగురిలాగా కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ఆ పెద్దమనిషికి ఇబ్బంది లేకుండా నాలుగు ముక్కలు విన్నవించుకోవడం గురువమ్మకు తెలియదు. తెల్లారగానే తలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చి, చెంగు నడుముకు దోపి, కొండల మీదుగా పడమటి దిక్కుకు తిరిగి, ఏటికి అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు సింహాద్రి అప్పన్నను కేకేస్తుంది. కేకేసి ముందుగా చిరునామా చెబుతుంది. "నాను బాబూ, గురువమ్మను. కళింగపట్నం యర్రయ్య పెళ్ళాన్ని. ఇప్పుడక్కడ నేము. అండమాన్లో ఉన్నాం. డిగ్లీపూర్ దాటినాక ఏరియల్ బే, జెట్టీకి కుడేపు మూడో ఇల్లు, నీలం తలుపు." ఊరు విడిచి ఓడెక్కి ఇరవై ఏళ్ళు దాటినా ఒక్క పూట కూడా ఈ చిరునామా మానలేదు. అప్పన్న పంపే సాయం ఏదైనా పాత ఇంటికి వెళ్ళి, అక్కడ వేరేవాళ్ళను చూసి, వెనక్కి తిరిగిపోతుందని ఆవిడ బెంగ. దేవుడికి చిరునామా అక్కర్లేదత్తా, ఆయన అంతటా ఉంటాడు అని బి.ఏ. చదివిన కోడలు ఒకసారి సర్ది చెప్పబోయింది. గురువమ్మ కోడలి వంక జాలిగా చూసింది. "అంతటా ఉన్నోడికి ఎన్ని పనులుంటాయే. మనిల్లు గురుతుండాలి కాదేటి."

ఈ పది రోజులుగా ఆ కేకలో ఒక్క మాట కొత్తగా చేరింది. నా కొడుకు పోలిరాజు ఇంకా రానేదు బాబూ, అని. ఏడుపు లేకుండా, అడుక్కోకుండా, పాలవాడు ఇంకా రాలేదని పక్కింటివాళ్ళతో చెప్పినట్టు చెబుతుంది. ఇవాళ పొద్దున కూడా చెప్పింది. చెప్పి లోపలికి వచ్చి, నడిమింట్లో గోడవార చాప మీద కోడలిని కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుంది. అప్పటినుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పద్మావతి చుట్టూ కూర్చుంటున్నారు, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, ఆవిడ ఎక్కడికో పారిపోతుందని అనుమానం ఉన్నట్టు. ఎక్కడికి పారిపోతుంది. ఇంటి చుట్టూ వాడ, వాడ చుట్టూ కొబ్బరి చెట్లు, వాటి చుట్టూ అడవి, అడవి చుట్టూ నీళ్ళు. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో ద్వీపం అంటే ఏమిటి అనే ప్రశ్నకు నాలుగు వైపులా నీటిచే చుట్టబడిన భూభాగం అని రాసి రెండుకు రెండు మార్కులు తెచ్చుకుంది. ఆ జవాబు ఇంతకాలానికి అర్థమవుతోంది. రెండు మార్కులకు మించిన జవాబే అది.

వాడలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే, ఉన్నాడో లేడో తేలేదాకా ఏ ఇంటి డింగీ పడవా నీళ్ళలోకి దిగకూడదు. గంగమ్మతో ఒక తగువు తేలకుండానే ఆవిడ ముందు మళ్ళీ చెయ్యి చాపడం మర్యాద కాదని పెద్దల మాట. అందుకని పది రోజులుగా ఇరవై మూడు డింగీలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. వలలు ఎండి కట్టెల్లా అయ్యాయి. పిల్లలు చేప ముక్క లేని అన్నం చూసి అలుగుతున్నారు. అయినా పద్మావతిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే కష్టం. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి రెండు మాటలు అనవచ్చు, కొంచెం ఊపిరాడుతుంది. వీళ్ళు చారు పంపారు, కట్టెలు పంపారు, తల దువ్వి జడ వేశారు. నిన్న సాయంత్రం నలుగురు పెద్దలు కూర్చుని, ఎంతో మెత్తగా, రేపు పొద్దున పోటు నిండి నీళ్ళు వెనక్కి తీసే వేళకు కార్యం కానిచ్చేద్దాం అన్నారు. శవం లేదు గనుక పోలిరాజు చొక్కా, లుంగీ గడ్డితో నింపి ఆటు నీళ్ళమీద వదిలిపెడతారు. దానితోపాటు పద్మావతి గాజులు, బొట్టు కూడా. మధ్యాహ్నానికి డింగీలు దిగుతాయి. కూడికలా, తీసివేతలా, ఎక్కడా తప్పు లేని లెక్క. ఇంకో గంట ఉంటుందేమో. జెట్టీ గుంజల కింద నీళ్ళు గుప్పుగుప్పుమంటున్నాయి. పోటు నిండుతున్నప్పుడు ఆ చప్పుడు చిన్నదవుతూ వస్తుందని పోలిరాజే చెప్పాడు. గుంజలు మునిగే కొద్దీ సముద్రం నోరు మూసుకుంటుందట. ఇప్పుడు ఎంత చిన్నగా ఉంది, నిన్నటికంటే చిన్నగానా, లేక ఈ ఆడవాళ్ళు మాట్లాడుతుండడం వల్ల వినపడడం లేదా. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎరుకమ్మ పక్కావిడతో కంది పప్పు ఈసారి ఓడలో వచ్చింది పుచ్చుగా ఉందంటోంది. నిజమే, పుచ్చుగానే ఉంది. పప్పు పుచ్చిపోయిందని దుఃఖంలో ఉన్న మనిషికి కూడా తెలుస్తుంది, అది పప్పుకున్న గొప్పతనం.

కామమ్మ చెంగు మూలన గుండ్రాయి ఒకటి ముడివేసుకుని ఉంది. ముడి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది, పాపం. ఈ వాడలో గాజులు చిట్లగొట్టే పని ఆవిడదే, ఎందుకంటే ఆవిడ గాజులు అందరికంటే ముందు పోయాయి. మంచి మనిషి. నొప్పి తెలియకుండా కొడుతుందని పేరు. పద్మావతి తన చేతుల వైపు చూసుకుంది. ఎర్ర మట్టిగాజులు, చేతికి ఆరు. పోర్ట్ బ్లెయిర్ బజారులో పోలిరాజు తానే ఎంచి తెచ్చాడు, కొలత అడక్కుండా, కళ్ళతో చూసి గుర్తుంచుకున్నానని గొప్పలు పోయి. అవి ఒక సైజు చిన్నవి. వల లాగి కాయలు కట్టిన చేతుల్లో ఆవిడ చెయ్యి పెట్టి, సబ్బునురగ పూసి, పళ్ళు బిగబట్టి ఎక్కించాడు. ఒక గాజు పగిలి అతని వేలే తెగింది. నా చెయ్యి నీకు చిన్నదిగా కనపడిందా అంటే, దూరంనుంచి చూస్తే అలాగే ఉంది, లంబాలైన్‌లో మీ ఇంటికాడ ఎప్పుడైనా దగ్గరికి రానిచ్చావేటి అన్నాడు. ఇక ఇవి మామూలుగా ఊడిరావు. రాయే కావాలి. కొలత తెలియని మగవాడు తెచ్చిన గాజుల వల్ల వచ్చే చిక్కు ఇది, ఈ చిక్కు గురించి అతన్ని నిలదియ్యాలి, రానీ చెబుతాను అనుకుంది. అనుకున్నాక ఆ రానీ అన్న మాటను మరోసారి అనుకోకుండా, గాజుల మీదికి చెంగు లాక్కుంది.

పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో పద్మావతి పుట్టిల్లు, విమానం దిగినప్పుడల్లా గిన్నెలు కదిలేవి. తండ్రి భూషణం రేవులో గుమస్తా. ఆయన తండ్రి వలలు అల్లినవాడే గాని, భూషణం చేతికి సిరా తప్ప ఉప్పు అంటలేదు. కూతుర్ని కాలేజీలో చేర్చాడు. ఆవిడకు ఆఖరి పరీక్షలైన నెలలో, డిగ్లీపూర్ వైపు చుట్టాలు ఎండు చేపల బుట్ట పంపితే, అది మోసుకుని పోలిరాజు గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద బుట్ట దించడం మరిచిపోయి అడిగాడు. "బీయే అంటే ఎన్నో క్లాసండి?" పదిహేనో క్లాసు అంది. "ఒక్కసారి కూడా ఫెయిలవకుండానా?" అని అడిగిన అతని ముఖంలో ఉన్నది ఎగతాళి కాదు, నిజమైన భయభక్తులు. ఆవిడ లోపలికి వెళ్ళి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. తండ్రి నెల్లాళ్ళు నచ్చజెప్పాడు. సముద్రం మీద బతికేవాడమ్మా, రోజూ ఎదురుచూడాలి, నీకంత ధైర్యం ఉందా అన్నాడు. ఉంది నాన్నా అంది. నేల మీద నిలబడి, కడుపునిండా అన్నం తిని, ఫ్యాను కింద చెప్పిన మాట అది. ఆ పూట ధైర్యం చాలా చవగ్గా దొరికింది. తీరా ఇప్పుడు అవసరపడితే ఒళ్ళంతా వెతికినా పిసరంత దొరకడం లేదు. మామగారిని, అత్తగారిని మీరు అని పిలిచే కోడలు ఈ వాడలో తనొక్కతే. కాపురానికి వచ్చిన కొత్తలో గురువమ్మ అటూ ఇటూ చూసి, "మీరు అంటే ఎంతమందే, నానొక్కద్దాన్నే గదా నిలబడ్డాను," అంది. అంత మర్యాదస్తురాలు, అంత చదువుకున్నది, ఆ రోజు మాత్రం చదువు పనికొచ్చేలా ఒక్క అక్షరం రాయలేకపోయింది.

ఆ రోజు. వద్దనుకున్నా మనసు అటే పోతోంది, నొప్పి పంటి మీదికి నాలుక పోయినట్టు. రెండు డింగీలు వెళ్ళాయి. రోజూ వెళ్ళే ఇటు తూర్పు నీళ్ళలోకి కాదు, చేప అటు పడిందని విని, ద్వీపం ఉత్తరపు కొన చుట్టి అవతలి పక్కకు, పడమటి సముద్రంలోకి. ఒకదాంట్లో రాముడు, అతని తమ్ముడు. రెండోదాంట్లో పోలిరాజు ఒక్కడే, ఎప్పుడూ తోడు వెళ్ళే తండ్రి యర్రయ్య మోకాలు వాచి ఇంట్లో ఉండిపోయాడు గనుక. మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. రెండు పడవలూ విడిపోయాయి. రాముడి ఇంజను మొరాయించకుండా ఒక కాలువలోకి చేర్చింది, మర్నాడు వచ్చేశాడు. నలుగురు పిల్లల తండ్రి, జెట్టీ మీద తడిబట్టలతో నిలబడి చిన్నపిల్లాడిలా వణుకుతూ చెప్పాడు. "సాయంత్రం మబ్బు ఇడిపోయి సూర్యుడు ఔపడ్డాడు దీదీ. అప్పుడు సూసినాను. పోలన్న ఇంజను బంద్ అయిపోయినట్టుంది, తెరచాప ఎత్తీసినాడు. సూర్యుడికేసి పోతన్నాడు. ఉల్టా పోతన్నాడు. కేకేసినాను, గాలిలో ఇనపడనేదు." అంటే ఇంటివైపు కాకుండా నడి సముద్రంలోకి. యర్రయ్య కుంటుతూ ముందుకొచ్చి అతని చెంప మీద కొట్టాడు. "నీ కళ్ళలో ఉప్పుంది. నా కొడుకు పడమటి నీళ్ళలో ఉండి పడమటికి తిప్పుతాడా. పాలుతాగే గుంట కూడా తిప్పదు. తూరుపుకే ఒచ్చుంటాడు, ఏ మడకాలవలోనో సిక్కుకున్నాడు." రాముడు చెంప తడుముకుని నోరు మూసుకున్నాడు. సర్కారు బోటు ఆఫీసరు పాపం నెమ్మదైనవాడు, ఎటు వెతకమంటారో రాసిమ్మని హిందీలో అడిగాడు. రాయగలిగింది వాడలో పద్మావతి ఒక్కతే. రాసింది. మంచి హిందీలో, అక్షరదోషాలు లేకుండా, నా భర్త తూర్పు దిశగా తీరం చేరి ఉంటాడని, కావున మడ కాలువల్లో గాలించవలసిందని ప్రార్థన. రాముడు చూసిన సంగతి అందులో లేదు. బోటు ఆరు రోజులు కాలువలన్నీ గాలించింది. వాళ్ళ తప్పేముంది, రాసిచ్చినచోట రాసిచ్చినట్టే వెతికారు.

ఎందుకు రాయలేదు. మామగారంటే భయం అని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. సముద్రం గురించి ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు అని కూడా చెప్పుకుంది. రెండూ పైకి చెప్పడానికి బావుంటాయి. అసలు సంగతి, మడ కాలువల్లో వెతికితే మనిషి దొరుకుతాడు. మడచెట్ల వేళ్ళు పట్టుకుని, దోమలు కుట్టి, గడ్డం పెరిగి, ఆకలితో తిట్టుకుంటూ దొరుకుతాడు. ఆ దొరికే మనిషిని ఆవిడ కళ్ళారా చూసేసింది. పడమటి సముద్రంలో అలా చూడడానికి ఏమీ లేదు, నీళ్ళు తప్ప. తనకు దొరకడం ఇష్టమైనచోటే వెతికించింది, ఇంట్లో చీకటిమూల పోయిన సూదిని వాకిట్లో వెలుతురుందని వాకిట్లో వెతికినట్టు. దేవుడినీ ఆ చోటే చూడమంది. ఆవిడ ప్రార్థన కూడా అర్జీలాగే ఉండేది. సవినయంగా విన్నవించుకునేది ఏమనగా. కాలువల్లో వెతుకు స్వామీ, ఫలానా కాలువలో, ఫలానా చెట్టు మొదట్లో. ఎక్కడ సాయం చెయ్యాలో కూడా తానే నిర్ణయించి పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు, సంతకం పెట్టి ఊరుకుంటాడు. రోజూ రాత్రి నీవే దిక్కు అంటూ పడుకుంది, తెల్లారి దిక్కు మాత్రం తూర్పే అంటూ లేచింది.

ఎరుకమ్మ కొబ్బరినీళ్ళ గ్లాసు నోటికి అందించింది. ఒక గుక్క తాగింది. తియ్యగా ఉన్నాయి, తియ్యగా ఉన్నందుకు సిగ్గేసింది. చప్పుడు ఇంకా తగ్గింది గుంజల కింద. కిటికీలోంచి వాకిలి ఒక ముక్క కనపడుతోంది, బట్టలారేసే తాడు, తాడు కింద మట్టి చదునుగా. అక్కడే కదూ. వాన తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, పెళ్ళైన ఏడాదే, పనేమీ లేక ఇద్దరూ పిల్లల్లా ఆడుకున్నారు. తన చెంగుతో అతని కళ్ళు కట్టి, భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పింది. ఒకటి, రెండు, మూడు, పది. తూలుతున్న మనిషిని వదిలేసి, ఇల్లెటో చూపించు అంది. అతని చెయ్యి లేచింది. ఒక్క క్షణం తడుముకోలేదు. నీలం తలుపు అతని వీపు వెనక మూరెడు దూరంలో ఉంది, చెయ్యి మాత్రం ఎదురుగా కొండల వైపు, పడమటికి చాచి ఉంది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మహానుభావా, ఇల్లు వెనకుంది." మళ్ళీ తిప్పింది. మళ్ళీ పడమరే. మూడోసారి తానే ఆశ్చర్యపోయి కట్టు విప్పుకున్నాడు. "అయ్య నేర్పిన ఇల్లు అది," అన్నాడు నవ్వుతూ. ఏడేళ్ళ వయసులో కళింగపట్నం సముద్రంలో, ఒడ్డు కనపడనంత లోపలికి తీసుకువెళ్ళి, కళ్ళకు గుడ్డ కట్టి, పడవ నడుమ నిలబెట్టి తిప్పేవాడట యర్రయ్య. ఇల్లెటురా అనేవాడట. తప్పు చూపిస్తే నీళ్ళలో ముంచేవాడు. అక్కడ ఎక్కడ తప్పిపోయినా నేల పడమటే ఉంటుంది. ఎండ వాలే దిక్కుకు ముక్కు తిప్పితే చాలు, ఇవాళ కాకపోతే రేపు ఇసక తగులుతుంది. "బుర్ర తిరిగినప్పుడు బుర్రను నమ్మకు, సేతిని నమ్ము అనీవోడు అయ్య. సేతికి నేర్పీసినాడు. ఇప్పుడిక్కడ మనకి సముద్రం అటూ ఉంది, ఇటూ ఉంది. బుర్రకి తెల్సు. సేతికి ఎవుడు సెప్తాడు?" అన్నాడు. చెప్పి, ఆ చేతితోనే తాడు మీద చొక్కా తీసుకుని భుజాన వేసుకున్నాడు.

పద్మావతి కిటికీ వైపు చూస్తూనే ఉంది. ఇది ఇప్పుడే తెలిసిందా, లేక పది రోజులుగా తెలిసే ఉందా, ఆ తాడు కింద నుంచి రోజుకు పదిసార్లు నడుస్తూ కూడా ఆ మధ్యాహ్నాన్ని మాత్రం గుర్తు చేసుకోకుండా దాటుకుపోయిందా. గాలివాన ఒక పూటంతా తిప్పి వదిలిపెట్టిన మనిషి. తిండి లేదు, ఇంజను లేదు, బుర్ర తిరిగిపోయి ఉంటుంది. అప్పుడు మబ్బు విడి ఎదురుగా ఎర్రగా సూర్యుడు కనపడ్డాడు. చెయ్యి లేచింది. చుక్కాని తిరిగింది. అయ్య ముంచకుండా ఉండాలంటే అటే. ఇంటికి వస్తున్నానే అనుకున్నాడు, ఎంత సంబరంగా తెరచాప ఎత్తాడో. అటు నిజంగానే ఇల్లుంది. పన్నెండు వందల కిలోమీటర్ల అవతల, ఇరవై ఏళ్ళ వెనక. పద్మావతి చప్పున ముందుకు వంగింది, గాజులు గలగలమన్నాయి. ఆడవాళ్ళంతా మాటలు ఆపి చూశారు. వాళ్ళు ఏడుపు మొదలవుతోందనుకున్నారు. ఎరుకమ్మ ముక్కు చీది తన ఏడుపు సిద్ధం చేసుకుంది. ఏడుపు కాదు. వాన పడింది కదా, ఈ పది రోజులూ ఏదో ఒక వేళ వాన పడుతూనే ఉంది కదా, తెరచాప పరిస్తే తాగడానికి నీళ్ళు పడతాయి, గాలం ఉంది, మద్రాసు ఓడలు, వైజాగు ఓడలు అటునుంచే వస్తాయి, రేవులో చెబితే వైర్‌లెస్‌లో ఓడలకు చెబుతారు, అటు ఎవరూ చూడలేదు, ఒక్క కన్ను కూడా చూడలేదు. వెంటనే రెండో ఆలోచన. పది రోజులు. పద్మావతీ, పది రోజులు. చూసినా ఏమీ ఉండకపోవచ్చు. ఉండకపోవచ్చు కాదు, ఉండదు. ఆ మాట తనలో తనకే ఎంత స్పష్టంగా వినిపించిందంటే, కళ్ళ ముందు మనుషులంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టు వంకరపోయారు.

లేవాలి. లేచి ఏం చేస్తుంది. వాకిట్లో కొబ్బరిమట్టల పందిరి కింద నలుగురు పెద్దలు కూర్చున్నారు, వాళ్ళ నడుమ యర్రయ్య, వాచిన మోకాలు చాపుకుని. ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న ముసలివాడి ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, నీవల్లే అనడమా. అది అన్నాక ఈ ఇంట్లో ఎవరి ముఖం ఎవరు చూస్తారు. ఊరుకుంటే మధ్యాహ్నానికి డింగీలు దిగుతాయి, పిల్లలు చేపముక్కతో అన్నం తింటారు, అందరూ ఆవిడను పువ్వులా చూసుకుంటారు బతికినన్నాళ్ళూ. దేవుడా అంది లోపల. ఈసారి అర్జీ రాలేదు. ఏ కాలువ పేరూ చెప్పలేదు. నాకు చేతకావడం లేదు, అంది అంతే. ఏ వెలుగూ పడలేదు, ఏ గొంతూ పలకలేదు. గుంజల కింద చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. పోటు నిండింది. కామమ్మ చెంగు ముడి మీద చెయ్యి వేసి, లేవడానికి మోకాలు మడుచుకుంది.

"అత్తా," అంది పద్మావతి, పక్కకు తిరక్కుండానే. "నాకు భయంగా ఉంది."

"నాకూను," అంది గురువమ్మ. "అందుకే గదా రోజూ అలా కేకేస్తాను. బయ్యం నేనివోల్లు నెమ్మదిగా పిలుస్తారు." కోడలి ముఖంలోకి చూసింది. అందులో ఏం కనపడిందో. "ఏటే. ఏటి గుర్తొచ్చింది నీకు?"

పద్మావతి లేచింది. ఎలా లేచిందో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ధైర్యం వచ్చాక లేవడమని అనుకునేది ఇన్నాళ్ళూ. అది రాలేదు, అయినా ఎవరో చంక కింద చెయ్యివేసి లేపినట్టు ఒళ్ళు లేచి నిలబడింది. ఇదేనా సాయం అంటే, ఇంతేనా, ఇంత చప్పుడు లేకుండానా. ఆడవాళ్ళు కార్యానికే వస్తోందనుకుని దారి ఇచ్చారు. కామమ్మ వెనకే వచ్చింది. బల్ల మీద, ఆ అర్జీ రాయగా మిగిలిన తెల్ల కాగితాల కట్టలోంచి ఒకటి, పెన్ను ఒకటి తీసుకుని పద్మావతి వాకిట్లోకి నడిచింది. పందిరి కింద గడ్డి కూరిన చొక్కా ఒకటి పడుకుని ఉంది. దాని వంక చూడలేదు. యర్రయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది. రాముడు కొబ్బరి చెట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు, పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"మావా," అంది. "చిన్నప్పుడు ఆయన కళ్ళకు గుడ్డ కట్టి పడవలో తిప్పేవారటగా. ఇల్లెటో చూపించమంటే ఎటు చూపించేవారు?"

పెద్దల్లో ఒకాయన దగ్గాడు. "ఇప్పుడాయన్ని అవన్నీ అడగొద్దమ్మా. ఆటు తిరుగుతోంది. పది దినాలైపోనాది."

"కాలువల్లో ఆరు రోజులు వెతికారు బాబాయి. పడమటికి ఒక్క గంట కూడా వెతకలేదు. వెతకనిచోట లేడని ఎవరు చెప్పారు? అక్కడ కూడా చూశాక, ఆయన లేరని తేలితే, కామమ్మత్తకు శ్రమ లేకుండా ఈ చేతులు నేనే రాయిమీద పెడతాను. నన్ను ఎవరూ పట్టుకోనక్కర్లేదు." ఆవిడ మళ్ళీ మామగారి వైపు తిరిగింది. "తప్పుడు కాగితం రాసింది నేను మావా. రాముడు చెప్పింది విని కూడా వదిలేసి రాశాను. ఇప్పుడు మీరు చెప్పండి. మీరేం చెబితే అదే రాస్తాను. తూర్పంటే తూర్పే రాసి లోపలికి వెళ్ళిపోతాను."

ఒడ్డున ఎక్కడో నీళ్ళు వెనక్కి తీయడం మొదలైన చప్పుడు, రాళ్ళ సందుల్లోంచి గాలి పీల్చినట్టు. ముసలాయన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి తిప్పి, మళ్ళీ బోర్లించి, అది ఎవరిదో పోల్చుకోలేనట్టు చూసుకున్నాడు. తన కొడుకు తప్పు చేయడని అన్నాడు ఆ రోజు. నిజమే, కొడుకు తప్పు చేయలేదు, చెప్పినట్టు చేశాడు. ఆ సంగతి ఈయనకు ఎప్పుడు తెలిసింది, ఇప్పుడా, రాముణ్ణి కొట్టిన ఆ క్షణంలోనా, కొట్టడమే అందుకా. పద్మావతికి అతని ముఖం చూడాలనిపించలేదు. కాగితం మోకాలి మీద పరుచుకుని, పైన తేదీ వేసింది. గురువమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, మొదటిసారి ఏ కేకా వేయకుండా. కామమ్మ చెంగు ముడి విప్పి, గుండ్రాయిని ఎవరూ చూడకుండా పందిరి గుంజ పక్కన నేల మీద పెట్టేసింది.

"రాయమ్మా," అన్నాడు యర్రయ్య చివరికి. ఆ గొంతు చాలా మామూలుగా ఉంది, అందుకే ఎవరూ తట్టుకుని వినలేకపోయారు. "యర్రయ్య రాయించింది అని రాయి. నా కొడుకు తూరుపుకి రానేదు. పడమటికెల్లాడు. ఆ దిక్కు నానే నేర్పినాను, ముంచి ముంచి నేర్పినాను. ఎల్లడం సూసినోడు సెప్తే కొట్టి నోరు మూయించినాను." పెన్ను కదిలేదాకా ఆగి, కొబ్బరి మొదలు వైపు తలెత్తాడు. "రాముడూ, ఇటు రారా. నువ్వు సూసింది నిజిం. నాను సెప్పింది తప్పు."